ములాజిం అనే చదివాను

మేడ్చల్‌లో నన్ను ఎరిగినవాళ్లు ఇప్పటికీ కొందరు ఉన్నారు. వాళ్లకు నా గురించి గుర్తున్నది ఒక్కటే. సర్కారు హుకుం తప్పు చదివి పనివాళ్ల పొట్ట కొట్టిన పంతులు. నేను తప్పు చదవలేదు. ఈ మాట ఆ రోజుల్లో చాలామందికి చెప్పాను. విసుక్కున్నవాళ్లే కాని విన్నవాళ్లు లేరు. చెప్పి చెప్పి నాకూ నోరు నొచ్చింది. ఒక్కసారి కాగితం మీద పెట్టేస్తే ఇక నోటితో చెప్పే పని ఉండదు కదా అని రాస్తున్నాను.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న కాలం. హైదరాబాదు రాజ్యంలో సర్కారు భాష ఉర్దూ. కొత్త చట్టం వచ్చినా, పాత చట్టం మారినా జరీదా అనే సర్కారు పత్రికలో ఉర్దూలోనే అచ్చయ్యేది. మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా మనుషుల్ని పనికి పెట్టుకున్న ఆసాములు కొందరు ఉండేవారు. మేడ్చల్ స్టేషన్ దారిలో వడ్ల మిల్లు నడిపే సేటు, అత్వెల్లిలో ఇటుక బట్టీల యజమాని, శామీర్‌పేటలో నూనె మిల్లు ఆయన, దేవరయాంజాల్‌లో ఒక భూస్వామి. అందరూ ఉర్దూ మాట్లాడగలరు. చదవడం ఒక్కరికీ రాదు. కూలీల విషయంలో సర్కారు ఆ సంవత్సరాల్లో ఊరికే ఏదో ఒకటి మారుస్తూ ఉండేది. పనిగంటలని ఒకసారి, ఆడవాళ్ల పని అని ఒకసారి, పిల్లల వయసు అని ఒకసారి. తెలియక పాత పద్ధతిలోనే పోతే తనిఖీకి వచ్చిన అధికారి ముందు చేతులు కట్టుకుని నిలబడాలి. ఆ భయంతో వీళ్లంతా కలిసి నన్ను పెట్టుకున్నారు. మేడ్చల్ కచేరీకి జరీదా రాగానే చూసి, వీళ్లకు సంబంధించిన ముక్క ఎత్తి రాసుకుని, ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి చదివి వినిపించాలి. అదీ నా పని. జరీదా పంతులు అనేవాళ్లు.

వినడానికి బాగానే ఉంటుంది. నేను మోసుకొచ్చేది సర్కారు మాట కాబట్టి మర్యాద ఉంటుందని మొదట్లో నేనూ అనుకున్నాను. దేవరయాంజాల్ భూస్వామి నన్ను అరుగు కింద నిలబెట్టి, తాను గడ్డం గీయించుకుంటూ వినేవాడు. మంగలి మధ్యమధ్య నన్ను చూసి నవ్వేవాడు. ఇటుక బట్టీ ఆయన నేను చదువుతుంటే ఆవలించేవాడు, పూర్తయ్యాక "ఇందుల మనకేమన్న లాభముందా?" అని అడిగేవాడు. లాభం లేదంటే చెమట తుడుచుకునేలోపే పంపేసేవాడు. మిల్లు సేటు కుర్చీ ఎన్నడూ వేయలేదు. తవుడు బస్తా చూపించేవాడు. ఎండలో నడిచి వచ్చి తవుడు బస్తా మీద కూర్చుంటే ఒంటికంతా ఏమవుతుందో కూర్చున్నవాడికే తెలుస్తుంది. ఇవన్నీ చిన్న విషయాలే అంటారు. అలా అనేవాళ్లు ఎప్పుడూ కుర్చీలో కూర్చుని ఉంటారు.

చదివే పద్ధతి ఒకటి ఉంది. మొదట ఉర్దూలో ఉన్నది ఉన్నట్టు చదవాలి, తరువాత తెలుగులో చెప్పాలి. ఈ పద్ధతి నేను పెట్టింది కాదు. నేను తిన్నగా తెలుగులోనే చెప్పేవాణ్ని. దేవరయాంజాల్ ఆయన ఒకరోజు, "నీ మాట నాకేంటికి? సర్కారు ఏమన్నదో గది సదువు. నీ తెలుగు ఎన్కసిరి సూద్దాం" అన్నాడు. అది మిగతావాళ్లకూ నచ్చింది. ఉర్దూ గట్టిగా చదువుతుంటే చుట్టూ ఉన్న కూలీలు చేతిలో పని ఆపి భయంగా చూసేవాళ్లు. ఆ భయం ఆసాములకు బాగుండేది.

ఒక చలికాలం జరీదాలో ఒక చిన్న హుకుం వచ్చింది. వారానికి ఒక రోజు సెలవు అనే నియమం అప్పటిదాకా పట్నంలోని పెద్ద కార్ఖానాలకే ఉండేది. ఇకమీదట ఇంజను పెట్టి నడిపే చిన్న మిల్లులకూ వర్తిస్తుందని. అసలు వాక్యం ఇదీ: "హఫ్తే మే ఏక్ రోజ్ కిసీ ములాజిం సే కామ్ న లియా జాయే." వారంలో ఒక రోజు ఏ పనివాడి చేతా పని చేయించకూడదు. ఇంతే.

ములాజిం అంటే కొలువులో ఉన్నవాడు, పనివాడు. ముల్జిం అంటే నేరం మోపబడ్డవాడు. ఉర్దూ రాతలో ఈ రెండు మాటలకూ తేడా ఒక్క అలిఫ్, అంటే ఒక నిలువు గీత. నోటితో పలికితే ఒక దీర్ఘం. మావైపు జనానికి రెండో మాట బాగా తెలుసు. ఠాణా ముందు నుంచి పోతే చెవిన పడేది అదే. మొదటి మాట కచేరీలో నౌకరీ చేసేవాళ్లకు మాత్రమే చెందుతుందని వాళ్ల నమ్మకం. మిల్లులో నూకలు చెరిగే మనిషిని ములాజిం అని ఎవరంటారు? కూలీ అంటారు.

ఆ హుకుం వర్తించేది ఇద్దరికే, మిల్లు సేటుకూ నూనె మిల్లు ఆయనకూ. మొదట సేటు దగ్గరికి వెళ్లాను. మిల్లు నడుస్తోంది. ఇంజను చప్పుడుకు నేల అదురుతోంది. సేటు కాటా దగ్గర నిలబడి బస్తాలు తూయిస్తున్నాడు.

"సేటూ, హుకుం వచ్చింది. ఇంజను కాసేపు ఆపిస్తే చదువుతాను" అన్నాను.

"ఆపితె మల్ల సాలు జేసెతందుకు నువ్వొస్తవా పంతులూ? సదువు. నా చెవులు మంచిగనే ఉన్నయ్."

గొంతెత్తి చదివాను. మొదలుపెట్టగానే ఒక బస్తా జారి పడితే ఆయన హమాలీని తిట్టడానికి అటు తిరిగాడు. వాక్యం సగంలో మళ్లీ ఇటు తిరిగి, చివరికి తల ఊపి, "సమజైంది, సమజైంది" అన్నాడు.

"తెలుగులో చెప్తాను."

"నాకు ఉర్దూ రాదా ఏంది? పట్నంల దుకాణం నడిపినోన్ని. పో, ఇగ వేరేటోళ్లకు సదువు."

అని లోపలికి వెళ్లిపోయాడు. నువ్వు ఆగి చెప్పవలసింది అని తరువాత చాలామంది నాతో అన్నారు. ఆయన లోపలికి పోయాక ఎవరికి చెప్పాలి, కాటాకా? శామీర్‌పేట దారి పట్టాను. నూనె మిల్లు ఆయన ఆ రోజు ఇంజను చెడి తీరిగ్గా ఉన్నాడు. ఉర్దూ విన్నాడు, తెలుగు విన్నాడు. "వారానికో రోజు కూసోబెట్టాల్నా?" అని రెండుసార్లు అడిగి నిట్టూర్చాడు. ఆ సంగతి నాకు బాగా గుర్తుంది, ఎందుకో తరువాత చెప్తాను.

వారం తిరిగాక మేడ్చల్ రైలు గేటు దగ్గర ఒక ఆమె నన్ను ఆపింది. మిల్లు ఇంజను మేస్త్రీ భార్య. ఆ మేస్త్రీ మచ్చ బొల్లారం మనిషి, క్రైస్తవుడు. కంటోన్మెంటు వైపు ఏదో షెడ్డులో ఇంజను పని నేర్చుకుని వచ్చాడు. తక్కువ మాట్లాడతాడు. మిల్లు వెనక రేకుల గదిలో పెళ్లాం పిల్లలతో ఉండేవాడు. ఆదివారం పొద్దున చర్చికి పోవడానికి ఒక పూట అడిగేవాడు, సేటు ఇచ్చేవాడు కాదు. ఆ విషయం మీద ఇద్దరికీ ఎప్పుడూ చిన్న గొడవ.

"పంతులూ, జర నిలవడుండ్రి" అన్నది. "మా ఆయన మీకేం అన్యాయం జేసిండు?"

"నాకా? ఏమీ చేయలేదమ్మా. ఏమైంది?"

"ఏమైందా? మీరు హుకుం సదివిండ్రంట, కేసున్నోన్ని పనిల పెట్టుకోవద్దని. సేటు మాతోని గది ఖాళీ చేయించిండు. పిల్లల పట్టుకోని మా చిన్నమ్మోళ్ల ఇంటి ముంగటి సాయమాన్ల ఉంటున్నం."

నాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తరువాత అర్థమైంది. సేటు చెవిన పడింది వాక్యం రెండో సగం. అందులో దీర్ఘం ఇంజను చప్పుడులో కలిసిపోయింది. ఏ ముల్జిం చేతా పని చేయించకూడదు. ఆయన విన్న హుకుం అది. మేస్త్రీ మీద పూర్వం ఒక కేసు ఉండేది. షెడ్డులో ఇత్తడి సామాను పోతే అక్కడున్న అందరినీ పట్టుకుపోయారు, కోర్టు ఈయన్ని వదిలేసింది. ఆ సంగతి సేటుకు ఎవరో చాడీ చెప్పింది కాదు. పనిలో చేరిన రోజే మేస్త్రీ తానే చెప్పాడు, రేపు ఇంకొకరి నోటి నుంచి వినడం ఎందుకని.

"నేను అలా చదవలేదమ్మా" అన్నాను.

"మరి సేటుకు కలొచ్చిందా?"

"ములాజిం అని చదివాను. ఆయన ముల్జిం అని విన్నాడు."

"నాకు ఆ రెండూ ఎరుక లేవు పంతులూ. నాకు ఎరుకున్నదొక్కటే, మా ఆయన పొద్దుగాల లేసి ఎటు పోవాల్నో తెల్వక గోడకు ఆనుకోని కూసుంటుండు."

నేను అక్కడి నుంచి తిన్నగా మిల్లుకే వెళ్లాను. ఆయన తవుడు బస్తా చూపించాడు. కూర్చోలేదు. సంగతి చెప్పాను. హుకుం అక్షరం అక్షరం చదివి తెలుగు చెప్పాను. ఆయన ముఖంలో ఒక్క నిమిషం ఏదో కదిలింది. ఆ నిమిషంలో ఒప్పుకుని ఉంటే కథ అక్కడే తెగిపోయేది. కాని అప్పటికే ఆయన శామీర్‌పేట అంగట్లో తనకు తెలిసిన కొత్త చట్టం గురించి అందరికీ చెప్పేశాడు. నన్ను పిలిపించుకునే ఓపిక కూడా లేకుండా ఇటుక బట్టీ ఆయన ఇద్దరిని తీసేశాడు. కల్లు గొడవలో ఠాణాకు పోయొచ్చిన జీతగాణ్ని దేవరయాంజాల్ ఆయన వెళ్లగొట్టాడు. ఇప్పుడు వెనక్కి తీసుకుంటే సేటు పరువేం కావాలి?

"నువ్వు సదివింది ముల్జిం అనే" అన్నాడు.

"ఇదిగో, కాగితంలో అలిఫ్ ఉంది చూడండి."

"గీ గీతనా?" కాగితం ముక్కు దగ్గరికి తెచ్చుకుని చూశాడు. "గిది నువ్వే పెట్టినవేమో. నాకేమెరుక. అక్షరం రానోనికి గీత సూపెట్టి బెదిరిస్తవా?"

తూకం హమాలీలు నవ్వారు. ఆ నవ్వు నేను మరిచిపోలేదు. వాళ్లలో ఒకడి తరఫున, పట్నంలో ఉన్న వాడి తమ్ముడికి నేనే ఉర్దూలో ఉత్తరాలు రాసిపెట్టేవాణ్ని.

సరే, కచేరీ వాళ్లు చెప్తే వింటాడేమో అని పేష్కారు దగ్గరికి వెళ్లాను. జరీదా వచ్చేది ఆయన బల్ల మీదికే. హుకుంలో ఉన్నది ములాజిం అని ఒక్క ముక్క రాసిచ్చి దస్తఖత్ చేయండి అని అడిగాను. ఆయన పాన్ నములుతూ నన్ను చూశాడు.

"అరే పంతులూ, అచ్చు ఐన హుకుంకు నా దస్తఖత్ ఏంది? సర్కారు రాసింది కరెక్టే అని నేను సర్టిఫికేటు ఇయ్యాల్నా?"

"ఒక దీర్ఘం తేడాతో ఒక మనిషి పని పోయింది సాబ్."

"ఇక్కడ నౌకరీ చేసేటోళ్లం అందరం ములాజింలమే. పై అధికారి వచ్చిననాడు అందరం ముల్జింలమే. మాకే ఫరక్ తెలుస్తలేదు, నీ సేటుకేం తెలుస్తది?" అని తన మాటకు తానే నవ్వుకున్నాడు. ఫైలు తీసి ముందు పెట్టుకున్నాడు. మళ్లీ రెండుసార్లు వెళ్లాను. మూడోసారికి నన్ను చూడగానే జవానుతో, "అలిఫ్ వచ్చిండు, సాబ్ లేడని జెప్పు" అన్నాడు, నాకు వినపడేలాగే. అప్పటి నుంచి కచేరీలో నా పేరు అలిఫ్.

ఇక మిగిలింది నూనె మిల్లు ఆయన. ఆ హుకుం సరిగా విన్న ఒకే ఒక్కడు. శామీర్‌పేట దాకా నడిచి వెళ్లి, సేటు ముందు ఒక్క మాట చెప్పమన్నాను. ఆయన మంచినీళ్లు ఇప్పించాడు. అది కాదనను.

"నువ్వు మంచిగనే సదివినవ్ పంతులూ. నాకు యాదికున్నది."

"అదే చెప్పండి."

"నీకు జెప్తున్న గద. సేటుకెందుకు జెప్పుడు? నా పల్లికాయ ఆయన బండ్ల మీదనే పోతది. నీ దీర్ఘం కోసం నేను ఆయన తోని కొట్లాడాల్నా?"

నాతో ఏకాంతంగా ఆ మాట అనేవాళ్లు తరువాత కూడా దొరికారు. నలుగురిలో అనేవాళ్లే దొరకలేదు.

అలా ఒక నెల గడిచింది. మేస్త్రీ స్టేషన్‌లో మూటలు మోయడానికి వెళ్తున్నాడని విన్నాను. ఇంజను చప్పుడు విని ఎక్కడ నట్టు వదులైందో చెప్పే మనిషి. ఒకసారి ప్లాట్‌ఫారం మీద ఎదురయ్యాడు, తలగుడ్డ మీద ట్రంకు పెట్టె. నన్ను చూసి తల పక్కకు తిప్పుకున్నాడు.

మిల్లులో సేటు మేనల్లుడు ఇంజను చూస్తున్నాడు. అంటే ఇంజను అతన్ని చూస్తోంది. ఇంజను తోలు పట్టా జారిపోయేది, నూనె ఎక్కువ తాగేది, వడ్లలో సగం నూకలయ్యేవి. కోతలు అయిపోయి బండ్లు వరసకట్టి నిలబడే రోజులు. రైతులు రెండు దినాలు చూసి బండ్లు తిప్పుకుని బొల్లారం వైపు తోలుకుపోవడం మొదలుపెట్టారు. అప్పుడు సేటు నాకు మనిషిని పంపాడు.

వెళ్తే కుర్చీ వేయించాడు. చాయ్ తెప్పించాడు. అన్ని సంవత్సరాల్లో మొదటిసారి. అక్కడే నాకు అనుమానం రావలసింది.

"మేస్త్రీని మల్ల పనిల పెట్టుకుంట" అన్నాడు.

"మంచిది."

"గని నలుగురికి ఏమని జెప్పాలె? నేను తప్పు విన్న అని జెప్పాల్నా? అత్వెల్లాయన, దేవరయాంజాలాయన నా మొకం మీద నవ్వరా? నువ్వొక పని జెయ్యి. ఎల్లుండి అందరు వడ్లు పట్టించుకోను వస్తరు. గా మంది ముంగట, నేనే తప్పు సదివిన అని ఒక్క మాట అను. గా దినమే మేస్త్రీని పిలుస్త. నీదేం బోతది? సదివెటోడు తప్పు సదువుడు ఎక్కడ లేదు?"

"నేను తప్పు చదవలేదు."

"గది నాకు ఎరుకే" అన్నాడు, నెమ్మదిగా, దగ్గరికి వంగి. "నాకు ఎరుక, నీకు ఎరుక. సాలదా?"

అంటే ఆయనకు ఎప్పుడో తెలుసు. నేను చాయ్ తాగకుండా లేచి వచ్చేశాను. దారి పొడుగునా నాలో నేనే మాట్లాడుకుంటూ నడిచాను. నాకు ఇల్లు లేదు, పొలం లేదు. చదివింది చదివినట్టు చెప్తాడనే మాట తప్ప నా దగ్గర అమ్ముకోవడానికి ఇంకేమీ లేదు. ఆ మాటనే తనకు ఊరికే ఇచ్చేయమంటున్నాడు.

మర్నాడు పొద్దున మేస్త్రీ భార్య మా ఇంటి ముందుకు వచ్చి నిలబడింది. సేటు తెలివైనవాడు. పంతులు ఒప్పుకుంటే పని నీదే అని వాళ్లకు కూడా కబురు పెట్టాడు.

"సేటు కబురంపిండు" అన్నది. "మీరు కాదంటుండ్రంట."

"చేయని తప్పు చేశానని చెప్పమంటున్నాడమ్మా."

"గా మాటంటే మీకేమన్న జైలా?"

"జైలు కాదు. రేపటి నుంచి నా చదువు ఎవరు నమ్ముతారు?"

"ఇప్పుడు నమ్ముతుండ్రా?"

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. ఏడవడం లేదు, ఎండకు.

"పంతులూ, మా ఆయన చెయ్యని దొంగతనం నెత్తిన పెట్టుకోని తిరుగుతలేడా? కోర్టు కాదన్నది. అయిన ఏ ఊరికి పోయిన గదే మాట. మోస్తలేడా? మీరు ఒక్క పూట మొయ్యలేరా?"

ఆమె నన్ను అవమానించాలని అనలేదు. ఉన్నది అన్నది. అయినా నాకు కష్టంగానే తోచింది. నేను తప్పు చదివాననే ఆమె నమ్మకం కూడా. ఒప్పుకోవడానికి బెట్టు చేస్తున్నానని అనుకుంటోంది. నేనెన్నిసార్లు చెప్పినా ఆ నమ్మకం పోదని ఆమె ముఖం చూస్తేనే తెలుస్తోంది. రేపు వస్తానని కూడా చెప్పకుండా లోపలికి వెళ్లాను.

మరునాడు మిల్లుకు వెళ్లాను. ఎందుకు వెళ్లానో గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. పోరాడే ఓపిక అయిపోయింది. కచేరీ మెట్లు ఎక్కలేను, శామీర్‌పేట దారి మళ్లీ నడవలేను, స్టేషన్‌లో ఆ ట్రంకు పెట్టె మళ్లీ చూడలేను.

సేటు ఇంజను ఆపించాడు. నేను అడిగినరోజు ఆపని ఇంజను. వాకిట్లో అత్వెల్లి ఆయన, దేవరయాంజాల్ భూస్వామి, ఇంకా వడ్లు పట్టించుకోవడానికి వచ్చినవాళ్లు. నూనె మిల్లు ఆయన కూడా ఎందుకో వచ్చాడు. నన్ను చూసి చెట్టు కింద కట్టిన ఎద్దుల వైపు చూశాడు. మేస్త్రీ గోడ దగ్గర నిలబడి ఉన్నాడు, భార్య వెనక.

"ఏంది పంతులూ, ఏదో జెప్తనన్నవంట" అన్నాడు సేటు.

"ఆ హుకుంలో ముల్జిం అని లేదు, ములాజిం అని ఉంది" అన్నాను. "చదవడంలో తప్పు జరిగింది."

"ఎవల్ది తప్పు?" అన్నాడు సేటు. వదలలేదు.

"నాది."

"నేను గప్పుడే అనుకున్న" అన్నాడు సేటు అందరి వైపూ తిరిగి, "పంతులు నోట్లె మాట జర జారుతున్నదని. పోనీ తియ్, మనిషన్నంక అయితది."

"మరి నా బట్టీల ఇద్దర్ని తీసేస్తి గద" అన్నాడు ఇటుకల ఆయన. "పంతులూ, నీ నాలిక మీద సున్నం బెట్టాలె."

నవ్వారు. దేవరయాంజాల్ ఆయన నవ్వలేదు. ఆయనకు ఇలాంటి వాటిలో హాస్యం కనపడదు. "గిట్ల సదివెటోన్ని పెట్టుకుంటే ఏదన్న ఒకనాడు మనల్నే ముల్జింల జేస్తడు" అన్నాడు, నేను అక్కడ లేనట్టు.

సేటు మేస్త్రీని సైగ చేసి పిలిచాడు. మేస్త్రీ ఇంజను గదిలోకి వెళ్లాడు. పట్టాను వేలితో నొక్కి చూశాడు, ఏదో విప్పాడు, ఏదో తుడిచాడు. మేనల్లుడు తలుపు దగ్గర నిలబడి గోళ్లు చూసుకుంటున్నాడు. కాసేపటికి ఇంజను అందుకుంది, దాని మామూలు గొంతుతో. చప్పుడులో తేడా నాకు కూడా తెలిసింది.

నేను వెళ్లబోతుంటే సేటే గుర్తు చేసుకున్నాడు. "అయితే గా హుకుం అసలు ఏమన్నది?"

వారానికి ఒక రోజు ఎవరికీ పని చెప్పకూడదని తెలుగులో చెప్పాను. ఈసారి చివరిదాకా విన్నాడు. ముఖం ముడుచుకున్నాడు. "శుక్రారం పెడదాం. సర్కారు సుట్టి గప్పుడే" అన్నాడు.

మేస్త్రీ చేతులు గుడ్డతో తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. "సేటూ, ఆదివారం అయితె మంచిగుంటది."

వాకిట్లో వడ్ల బండ్లు రోడ్డు దాకా ఉన్నాయి. సేటు వాటిని చూశాడు, ఇంజను చూశాడు. "సరే, ఆదివారమే కానీ. ఎట్లైన గానాడు నీకు చర్చి రంది" అన్నాడు.

మేస్త్రీ తల ఊపి నా వైపు నడిచి వచ్చాడు. కృతజ్ఞత చెప్తాడేమో అనుకున్నాను. ఆ మాత్రం ఆశ ఉండింది నాకు, దాచడం ఎందుకు.

"పంతులూ" అన్నాడు, "మీ ఒక్క మాట తోని నా సంసారం రోడ్డు మీద పడ్డది. పోనీ, ఒప్పుకుండ్రు. ఇగ మీదట జర సక్కగ సదువుండ్రి. మాసొంటోళ్ల బతుకులుంటయ్ అండ్ల."

సరే అన్నాను. ఇంకేమనాలి?

దేవరయాంజాల్ ఆయన ఆ నెలాఖరుకే నన్ను మానిపించాడు. ఇటుకల ఆయన మానిపించలేదు కాని నేను చదివింది కచేరీ జవానుతో ఇంకోసారి చదివించుకునేవాడు. సేటు మాత్రం వదలలేదు. ఆయనకు నేను సరిగా చదువుతానని తెలుసు. మళ్లీ తవుడు బస్తానే.

తరువాత ఒక ఆదివారం శామీర్‌పేటకు బయలుదేరి చర్చి ముందు నుంచి వెళ్తున్నాను. ప్రార్థన అయిపోయినట్టుంది, జనం బయట నిలబడి మాట్లాడుకుంటున్నారు. మేస్త్రీ ఉతికిన చొక్కా వేసుకుని గోడ నీడలో చిన్నపిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు. పొద్దెక్కినా ఆయన చేతులకు నూనె లేదు. ఆయన భార్య పక్కనున్న ఆమెకు నన్ను చూపించింది.

"గీ పంతులే" అన్నది. "తప్పు సదివిండు గని మంచోడు, ఒప్పుకున్నడు."

ఆగాను. ములాజిం అనే చదివానమ్మా అని నోటిదాకా వచ్చింది. ఆమె నాకు మంచిగానే నవ్వింది. మేస్త్రీ ఒళ్లో పిల్ల చొక్కా గుండీ పట్టుకుని లాగుతోంది. నూనె మిల్లు ఆయనకు కొత్త హుకుం ఒకటి మధ్యాహ్నంలోగా చదవాలి. తల ఊపి ముందుకు నడిచాను.